బీరపందిరి మీద ఒకటో నంబర్ తీగ

అక్షరా, నానీ, ఇటు రాండ్రి. ఒక ప్రశ్న అడుగుత. బీరతీగకు, గిటార్ తీగకు తేడా ఏంది? చెయ్యి ఎత్తి చెప్పాలె. ఇద్దరు ఒక్కసారే ఒర్రద్దు.

"బీరతీగకు కాయ కాస్తది అమ్మమ్మా. గిటార్ తీగకు కాయదు!"

సగం మార్కులే నానీ. మొన్న ఆదివారం దాంక నేను గూడ గదే అనుకున్న. కని గిటార్ తీగకు గూడ కాస్తది బిడ్డా. మన డాబా మీదనే కాసింది. ఆ కాయను పట్టుకొని నేను కాలేజీ గ్రౌండ్ల అందరి ముంగట నిలవడ్డ. మీ చిన్నమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండు!

మొదటి నుంచి చెప్త. మీకు తెలిసిన సంగతులు గూడ వస్తయి. పాఠం అన్నంక రివిజన్ ఉంటది.

మీ చిన్నమ్మ స్రవంతి ఇన్నేండ్లు రాజేందర్ మాస్టర్ ఆర్కెస్ట్రాల గిటార్ వాయించింది గద. పెండ్లిళ్లు, రిసెప్షన్లు, అటు కౌడిపల్లి, ఇటు మనోహరాబాద్, యాడ పందిరేస్తే ఆడికి. మాస్టర్ మనిషి మంచోడే. కని ఆయనకు గిటార్ అంటే కూరల కరివేపాకు. వాసన రావాలె, పంటి కింద తగలొద్దు. మీ చిన్నమ్మ ఎప్పుడన్న ఒక స్వరాన్ని పొడుగ్గ సాగదీసిందనుకో, స్టేజీ మీద నుంచే కండ్లెర్ర జేసేటోడు. "బిడ్డా, అవతల జనం బువ్వ తింటుండ్రు. నువ్విట్ల ఏడిపిస్తే గొంతుల దిగుతదా?" అనేటోడు.

గా మాటలకు అది ఎప్పుడూ ఫీల్ కాలే. నవ్వుకుంట వచ్చి నాకు చెప్పేది. కని ఒకనాడు వచ్చింది, గిటార్ బ్యాగు గోడకు ఆనిచ్చింది, చెప్పులు గూడ ఇడవకుంట కూసున్నది.

"అమ్మా, ఇగ నేను ఆర్కెస్ట్రాకు పోను."

"ఏమన్నరే ఎవరన్న?"

"ఏమనలే. మాస్టర్ సౌండ్ బోర్డు కాడ నా వాల్యూం తక్కువ చేసిండు. నాకు తెల్వకుంట. నేను కండ్లు మూసుకొని వాయిస్తున్న. నాకు తప్ప ఎవ్వరికి ఇనవడలేదట."

ఛాయ్ పెట్టిచ్చిన, అంతే.

కొన్ని దినాలైనంక, "నేనే సొంత బ్యాండ్ పెడుతున్న, బ్లూస్ రాక్" అన్నది. నాకేం తెలుసు? సైన్సు చెప్పిన దాన్ని. "బ్లూస్ అంటే డెఫినిషన్ చెప్పు" అన్న. అది నోటితోని చెప్పలేదు. గిటార్ తీసి, ఎడమ చేతి ఏలుతోని తీగను పక్కకు నూకింది. ఆ స్వరం ఉన్న కాడి నుంచి లేచి, మెల్లగ, వానల బురద బాట మీద నడిచినట్టు నడిచి, ఇంకో స్వరం కాడికి చేరింది. చేరీ చేరకుంట ఆడనే ఆగింది. నాకు మా నాయిన పొలంల నాట్లేసే ఆడోళ్లు యాదికొచ్చిండ్రు. వాళ్లు గూడ పాట ఆఖరి మాటను గట్లనే సాగదీసేటోళ్లు. పొద్దు గూకేదాంక, ఆ మడి నుంచి ఈ మడి దాంక. దుఃఖాన్ని ఎల్లగొట్టకుంట, కుర్చేసి కూసోబెట్టి, ఛాయ్ ఇచ్చి, దాంతోనే పాట పాడిపిచ్చుడు. గదీ బ్లూస్. డెఫినిషన్ రాసుకోండ్రి.

ఇగ బ్యాండ్ల మనుషులు. డ్రమ్స్ కు యాదగిరి. వాడు నా స్టూడెంటే. క్లాసుల బెంచీని డప్పు లెక్క కొడుతుండె, నేను బయట నిలవెడుతుంటి. గదే దరువు ఇప్పుడు మన డాబా మీద కొడుతుండు, నేనే ఛాయ్ బిస్కెట్లు ఇస్తున్న. బేస్ గిటార్ కు జోసెఫ్. చర్చిల కాయిర్ కు వాయిస్తడు. వాడు నోరు తెరిస్తే వాన పడుతదేమో అన్నట్టు ఉంటడు, అంత తక్కువ మాట. మీ చిన్నమ్మతోని కలిపి ముగ్గురు. పేరు ఏం పెట్టాలె అంటే యాదగిరి అన్నడు, "మంజీర లెక్క ఏడుపాయలంత మనతోని కాదక్కా. మూడు పాయలు అని పెట్టు, సరిపోతది." గదే పెట్టిండ్రు.

కని ఆ ఇద్దరు ఇంకా రాజేందర్ మాస్టర్ కాడ గూడ వాయిస్తుండ్రు. దాచకుంట చెప్పిండ్రు. "అక్కా, ఒక్క ప్రోగ్రాం చేసి చూద్దం. జనం కూసొని విన్నరంటే మేం నీతోనే. లేచిపోయిండ్రనుకో, మళ్ల మాస్టర్ కాడికే పోతం. నువ్వు గూడ మాతోని రావాలె." స్రవంతి సరే అన్నది. ఆ ఒక్క ప్రోగ్రామే మొన్నటి ఆదివారం, జూనియర్ కాలేజీ పాత విద్యార్థుల మీటింగ్. ముందుగాల మూడు పాయలు, బువ్వలప్పుడు రాజేందర్ ఆర్కెస్ట్రా.

"అమ్మమ్మా, బీరకాయ ఎప్పుడొస్తది?"

వస్తది నానీ. మొక్క కాకముందే కాయ అడుగుతవేంది?

మన డాబా మీద బీరపందిరి ఉన్నది గద. బీరపువ్వు మిగతా పూల లెక్క పొద్దుగాల పూయదు. సాయంత్రం పూస్తది. గిది పుస్తకంల ఉన్న ముచ్చటే, నేనే బోర్డు మీద రాసిన. కని ప్రాక్టీస్ గూడ సాయంత్రమే. స్రవంతి గిటార్ సదురుకొని మొదటి స్వరం తీసే యాళ్లకు, పందిరి మీద ఒక్కో పసుపు పువ్వు ఇచ్చుకునేది. ఖిల్లా గుట్ట మీద మబ్బు, తడి గాలి, ఆ గిటార్. రోజులు గడిచినకొద్ది నాకు ఏమనిపిచ్చిందో తెలుసా? పూలు పాటకే పూస్తున్నయని! రిటైరైన సైన్సు టీచర్‌కు! నా స్టూడెంట్లు ఇంటే నా పింఛను ఆపుమని దరఖాస్తు పెడుతరు.

ఒక సాయంత్రం చూస్తే, బీరతీగ పందిరి దాటి పక్కింటోళ్ల డిష్ దిక్కు చెయ్యి చాపుతున్నది. ఇయ్యాల రేపట్ల అందుకుంటది. అందుకున్నదంటే వాళ్లకు సీరియల్ రాదు, మనకు మాటలు తప్పవు. పందిరికి అడ్డంగ ఇంకో దారం కడితే ఇటు మళ్లుతది. నా బిస్కెట్ల డబ్బా తెచ్చుకున్న. సూదులు, గుండీలు, సుతిలి, పిన్నీసులు పెట్టే డబ్బా. దాన్ని ఒళ్ల పెట్టుకొని పందిరి కింద స్టూలు మీద కూసున్న.

ఆ దినం స్రవంతి కొత్త పాట ఎత్తుకున్నది. దానికి మాటలు లేవు. జోసెఫ్ లోతుల నుంచి దుమ్ దుమ్ అని నీళ్లు తోడుతున్నట్టు వాయిస్తుండు. యాదగిరి కట్టెలతోని కాదు, బ్రష్షులతోని, ఆకుల మీద సన్న వాన లెక్క. దాని మీద గిటార్. నేను యాడికో పోయిన బిడ్డా. మంజీర ఒడ్డున నడుస్తున్న. నా కాళ్లకు పట్టీలు ఉన్నయి, చేతిల చాక్‌పీస్ లేదు. బడి గంట కొట్టుడు మర్చిపోయిండ్రు, ఎవ్వరికి తొందర లేదు. అవతలి ఒడ్డు నుంచి ఎవరో నన్ను నా చిన్నప్పటి పేరుతోని పిలుస్తుండ్రు. నీళ్లు మోకాళ్ల దాంక చల్లగున్నయి.

గా నీళ్లల్ల ఉండంగనే నా చెయ్యి డబ్బాల సుతిలి కోసం దేవులాడింది. సుతిలికి బదులు ఏదో పాకెట్ల నుంచి సన్న కాగితం కవర్ చేతికొచ్చింది. లోపల చుట్ట చుట్టిన తీగ. ఎంటిక కంటే జర లావు, మెరుస్తున్నది. ఒక కొసకు చిన్న ఇత్తడి పూస. పూసకు తొర్ర. ఆహా! ఆ తొర్రల నుంచి రెండో కొస దూరిస్తే ముడి ఎయ్యకుంటనే ఉరి తయారు. పందిళ్లు కట్టేటోళ్ల కోసం ఎవరో బుద్ధిమంతుడు చేసిండనుకున్న. ఒక కొసను వెదురుకు ఉరి ఏసిన, రెండో కొసను గోడకున్న ఇనుప మొలకు చుట్టిన, బిగ్గ గుంజిన. ఏలుతోని మీటిన. టింగ్ మన్నది!

టింగ్ మన్నది బిడ్డా! పక్కన వాయిస్తున్న గిటార్ తోని కలిసింది గూడ. "తన్యత ఎక్కువైతే స్వరం హెచ్చుతది, ఎంత మంచి ఉదాహరణ" అని తల ఊపుకున్న. అదేం తీగనో మాత్రం తట్టలే. పాఠం తెలుసు, వస్తువు తెల్వదు. చూసిండ్రా, గిట్లనే పరీక్షలు తప్పుతరు.

ఇగ నా అలవాటు. ఖాళీ కవర్‌ను పారెయ్యలే. నాలుగు మడతలు పెట్టి, గోటితోని అంచులు రుద్ది, ఎక్కడిది అక్కడ పెట్టిన.

బీరతీగ సంగతి మీకు తెలుసు. దాని నులితీగలకు తాకితే చుట్టుకునే గుణం ఉంటది. ఆసరా దొరికితే స్ప్రింగ్ లెక్క మెలిక పడుతది. నాలుగు వానలు పడేసరికి నేను కట్టిన తీగ ఆకుల్ల మునిగిపోయింది. డిష్ బతికింది. నేను మస్తు సంబురపడ్డ.

ఆదివారం వచ్చింది. నేను పట్టుచీర కట్టుకొని ముందు వరుసల ప్లాస్టిక్ కుర్చీల కూసున్న. స్టేజీ మీద ముగ్గురు సౌండ్ చూసుకుంటుండ్రు. స్రవంతి సన్న తీగను పట్టి పైకి సాగదీసింది, ఇంకా సాగదీసింది, ఫట్! తెగి దాని చెంప కాడి నుంచి పోయింది. నేను కుర్చీల నుంచి లేచిన. "ఏం కాలే అమ్మా, స్పేర్ ఉన్నయి" అని నవ్వింది. బ్యాగుల నుంచి పాకెట్ తీసింది. దాంట్ల ఒక్కో తీగకు ఒక్కో చిన్న కవర్, ఒకటి నుంచి ఆరు దాంక నంబర్లు. ఒకటో నంబర్ కవర్ పట్టుకున్నది.

ఖాళీ. నాలుగు మడతలు. గోటితోని రుద్దిన అంచులు.

మీ చిన్నమ్మ కవర్‌ను చూసింది. నన్ను చూసింది. మళ్ల కవర్‌ను చూసింది. ఈ ఇంట్ల కవర్లు గట్ల మడిచేది ఎవరో దానికి తెల్వదా?

స్టేజీ కాడికి ఉరికిన. "బ్యాగుల ఉండేటివి ఇన్నొద్దులు నా డబ్బాల ఎందుకు పెట్టినవే?" అన్న.

"నీ డబ్బాల పెడితే ఏదీ పోదని అమ్మా" అన్నది. అంతే.

మెదక్ల ఆ తీగ దొరకది. హైదరాబాద్ పోయి రావాల్నంటే ప్రోగ్రాం గాదు, పందిట్ల కుర్చీలు గూడ ఎత్తేస్తరు. అది లేకుంట వాయించొచ్చు గద అంటే, ఆ కొత్త పాట అంత ఆ తీగ మీదనే నడుస్తది. జోసెఫ్, యాదగిరి ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. గప్పుడే రాజేందర్ మాస్టర్ వచ్చిండు. కోపం లేదు, ఎటకారం లేదు.

"తీగ నా బండిల ఉన్నది బిడ్డా, ఇస్త. కని పెండ్లిళ్ల సీజన్ వస్తున్నది. మళ్ల మాతోని నిలవడుతనని ఒక్క మాట చెప్పు."

స్రవంతి తల వంచి గిటార్ దిక్కే చూస్తున్నది. దాని నోట్ల నుంచి "సరే మాస్టర్" అని రాబోతున్నదని నాకు తెలిసిపోయింది. కన్నదాన్ని గద.

"ఆగుండ్రి!" అన్న. నా క్లాసు గొంతు లేచింది, గ్రౌండ్ల సగం మంది సప్పుడు బంద్ చేసిండ్రు. "తీగ ఇంట్ల ఉన్నది."

"ఇంట్ల యాడున్నది టీచర్?" అన్నడు యాదగిరి.

"జర ఎత్తుల ఉన్నది. బండి తియ్యి."

కొంగు నడుముల చెక్కి వాని బండెక్కిన. డాబా మీదికి పోయేసరికి పూలు ఇచ్చుకుంటున్నయి. ఒక్క నిమిషం నిలవడ్డ, ఎంత అందంగున్నయని.

"టీచర్! పూలు తర్వాత చూద్దురు! తీగ ఏది?"

చూపించిన. యాదగిరి నోరు తెరిచిండు. తీగ మీద ఏలు పెట్ట సందు లేదు. నులితీగలు మెలికల మీద మెలికలు. నడుమిట్ల ఒక లేత బీరకాయ గూడ ఏలాడుతున్నది, దాని తొడిమె పక్కనే రెండు చుట్లు బిగ్గ పట్టుకొని.

"గుంజుత టీచర్."

"గుంజకు! మెలిక పడితే స్టేజీ మీద తెగుతది. ఒక్కొక్కటి ఇప్పాలె. ఇది ఏ దిక్కు చుట్టుకున్నదో చూడు, దానికి ఎదురు దిక్కు..."

"టీచర్, క్లాసు వద్దు టీచర్! మీ కాళ్లు మొక్కుత!"

కత్తెర తెచ్చిన. తీగను కాదు, నులితీగలను కోసుకుంట పోయిన. ఒక్కోటి కోస్తుంటే పాణం కలుక్కుమన్నది. తీరా మొల కాడి చుట్లు ఇప్పిన. నేను మరిచిన ఇంకో పాఠం ఉన్నది: ఇన్ని దినాల బీర బరువంత ఆ తీగ మీదికే వచ్చింది, దాన్ని తీసేస్తే మోసేది ఏమున్నది? పందిరికి పందిరే వచ్చి యాదగిరి మీద పడ్డది. ఆకులల్ల నుంచి వాని గొంతు ఒక్కటే ఇనవడ్డది. "తీగ వచ్చిందా టీచర్?"

"వచ్చింది."

"ఇగ చాలు. నడువుండ్రి."

కాయ మాత్రం తీగను ఇడవలే. టైం లేదు. చేతిల తీగ, తీగకు ఏలాడే కాయ, నెత్తి మీద పసుపు పువ్వు పెట్టుకున్న డ్రమ్మర్. గ్రౌండ్ల దిగినం. స్టేజీ దిక్కు ఉరుకుతుంటే మైకు పట్టుకున్నాయన మమ్మల్ని చూసిండు. పాపం, ఆయన తప్పేమున్నది? "మన టీచర్ గారు కళాకారులను తమ తోటల కాసిన కూరగాయతోని సన్మానం చేయనున్నరు, అందరు చప్పట్లు కొట్టుండ్రి!" అన్నడు. కొట్టిండ్రు! ఎవరో ఫోటో గూడ తీసిండ్రు. నేనేం చేస్త? వంగి నమస్కారం పెట్టిన.

స్రవంతి కాయను ఒడుపుగ తప్పించి నా చేతిల పెట్టింది. తీగను గిటార్ కు ఎక్కించింది. జర తుప్పు పట్టినట్టుంది, అక్కడక్కడ వంకర, పైకొసకు ఎండిన నులితీగ ముక్క ఇంకా చుట్టుకొనే ఉన్నది. గిల్లినా రాలే. "ఉండనియ్యి" అని కండ్లు మూసుకున్నది.

మొదలు వెట్టింది. ఆ స్వరం ఇదివరకటి లెక్క మెరుస్తలేదు. జర గరుకుగ, జలుబు చేసిన మనిషి మెల్లగ మాట్లాడినట్టున్నది. బిగిచ్చినా నిలుస్తలేదు, జారుతనే ఉన్నది. అది జారినకొద్ది మీ చిన్నమ్మ ఏలుతోని పైకెత్తి పట్టుకుంటున్నది. జారుడు, ఎత్తుకునుడు. పాట గట్లనే నడిచింది. ఖిల్లా మీద మబ్బు దిగింది. స్టేజీ లైట్లల్ల ఉసిళ్లు బంగారు పొడి లెక్క తిరుగుతున్నయి. నేను ఒళ్ల బీరకాయ పెట్టుకొని మళ్ల మంజీర ఒడ్డుకు పోయిన.

నడుమ ఒక్కసారి మెలకువొచ్చింది. ఎందుకంటే రాజేందర్ మాస్టర్ సౌండ్ బోర్డు దిక్కు నడుస్తుండు. మళ్ల తక్కువ చేస్తడా? అది కండ్లు మూసుకున్నది, దానికి తెల్వది. కుర్చీ చేతులు పట్టుకొని లేవబోయిన. ఆయన బోర్డు మీదికి వంగిండు. ఒక బిళ్ల మీద ఏలు పెట్టిండు. మెల్లగ పైకి నూకిండు. గిటార్ గ్రౌండ్ ఆఖరు దాంక నిండింది. ఆయన ఆడనే చేతులు కట్టుకొని నిలవడి, తల వంచి విన్నడు.

ఒక్క కుర్చీ గూడ కదలలే బిడ్డా.

ఆఖరి స్వరం. పైకి సాగదీసింది, ఇంకా సాగదీసింది... ఫట్! మళ్ల గదే తీగ. నేను కండ్లు మూసుకున్న, అయిపోయిందనుకున్న. ఇగ చప్పట్లు! తెగుడు గూడ పాటల భాగమే అనుకున్నరు జనం. నేను మాత్రం ఎవ్వరికి చెప్పలే.

మాస్టర్ దగ్గరికొచ్చి, "గా సౌండ్ యాడ కొన్నవ్ బిడ్డా?" అన్నడు.

"కొనలే మాస్టర్. మా డాబా మీద కాసింది" అన్నది మీ చిన్నమ్మ.

యాదగిరి నెత్తి మీది పువ్వు తీసి జేబుల పెట్టుకున్నడు. జోసెఫ్ ఆ దినమంత మాట్లాడనోడు నోరు తెరిచిండు. "అక్కా, రేపు ప్రాక్టీస్ ఉన్నదా?"

"ఉన్నది. ముందుగాల పందిరి లేపాలె" అన్నది స్రవంతి. ఇంటికొచ్చినంక తెగిన తీగను చుట్ట చుట్టి నా చేతిల పెట్టింది. "ఇగ ఇది నీదే. కట్టుకో." గప్పుడు నవ్వింది సూడుండ్రి! నాకు పాణం లేచొచ్చింది.

"మరి ఆ బీరకాయ ఏమైంది అమ్మమ్మా?"

నానీ, మొన్న రాత్రి కంచంల పక్కకు పెట్టినవే, గా కూర ఏందనుకున్నవ్? సన్మానం పొందిన కాయరా అది! నువ్వు తినకుంట ఒదిలిపెట్టినవ్.

సరే, లేవుండ్రి. పందిరి ఇంకా సగం కింద్నే ఉన్నది. పూలు పూసే యాళ్లయితున్నది, మబ్బు గూడ పట్టింది. గా తెగిన తీగతోనే మళ్ల కడుత. అక్షరా, ఆ డబ్బా ఇటియ్యి. ఇగో తీగ. పూస గూడ ఉన్నది. జర ఎక్కువ మెరుస్తున్నదేంది ఇది?

స్రవంతీ! ఓ స్రవంతీ! ఒకసారి డాబా మీదికి రావే. ఇది తెగిందేనా, కాదా, నువ్వు చూసి చెప్పినంకనే కడుత!